ట్రాక్టరు ట్రాలీ లాగుడులో బరువు పంపకం: హుక్కుపై భారం, ముందు ఇరుసు పట్టు

సంక్షిప్తం

రెండు చక్రాల ట్రాలీని లాగుతున్న ట్రాక్టరు ముందు ఇరుసు తేలిపోవడానికి మొత్తం బరువు ఒక్కటే కారణం కాదు. ఆ బరువు ట్రాలీలో ఏ చోట ఉన్నది, ట్రాలీని తగిలించిన హుక్కు ఎంత ఎత్తున, వెనుక ఇరుసుకు ఎంత దూరాన ఉన్నది అన్నవి అంతకంటే ముఖ్యమైన అంశాలు. కార్లకు, పికప్ వాహనాలకు వాడే బరువు పంపక హిచ్ పనిచేసే సూత్రాన్ని వివరించి, అది వ్యవసాయ ట్రాక్టరుకు యథాతథంగా ఎందుకు పనికిరాదో, అదే ప్రయోజనాన్ని ఇతర మార్గాలలో ఎట్లు సాధించవచ్చునో జూపాడు బంగ్లా ప్రాంత పరిస్థితుల నేపథ్యంలో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

నేపథ్యం

నంద్యాల జిల్లా జూపాడు బంగ్లా మండలంలోని పోతిరెడ్డిపాడు హెడ్ రెగ్యులేటర్ వద్ద శ్రీశైలం జలాశయపు నీరు కాల్వలోకి మళ్ళి బానకచెర్ల వైపు సాగుతుంది. నందికొట్కూరు ప్రాంతానికి అంతకంటే పాత కాల్వ కర్నూలు–కడప కాల్వ. సుంకేశుల వద్ద తుంగభద్ర నుండి మొదలయ్యే ఈ కాల్వను 1863–1870 మధ్య సాగునీటితో పాటు పడవల రాకపోకలకు కూడా ఉద్దేశించి తవ్వారు. నీటిపై పోవలెనని ఆనాడు తలపెట్టిన సరుకు నేడు కాల్వ గట్ల మీదుగా ట్రాక్టరు ట్రాలీలలో పోతున్నది. వరి, మొక్కజొన్న, పత్తి, మిరప, శనగ వంటి పంటలు పొలం నుండి కల్లానికి, కల్లం నుండి మార్కెట్ యార్డుకో రైస్ మిల్లుకో చేరే లోపల నల్లరేగడి బండ్లబాట, గట్టు మీదికి ఎక్కుడు, గట్టు నుండి దిగుడు, తారు రోడ్డు అన్నీ ఒకే ప్రయాణంలో ఎదురవుతాయి. ట్రాక్టరు నడక ఈ నాలుగింటిలో నాలుగు విధాలుగా ఉంటుంది.

ట్రాలీలో సరుకు మాత్రమే ప్రయాణించదు. కలుపుతీతకు, నాట్లకు, మిరప కోతకు పోయే కూలీలు కూడా ట్రాలీలోనే పోతారు. 2018 జూన్‌లో యాదాద్రి భువనగిరి జిల్లా వేములకొండ సమీపంలో కూలీలతో పోతున్న ట్రాక్టరు మూసీ కాల్వలో పడి పదిహేను మంది మరణించారు. ఆ దుర్ఘటనను హుక్కు లోపానికి ముడిపెట్టడం ఇక్కడ ఉద్దేశం కాదు. కాల్వ గట్టు మీద ట్రాక్టరు స్టీరింగ్ పట్టు కోల్పోతే, బ్రేకు పట్టకపోతే జరిగే నష్టం ఎంతటిదో ఆ సంఘటన తెలుపుతుంది. స్టీరింగ్ పట్టు ముందు ఇరుసు మీది బరువుపైనా, బ్రేకు పట్టు వెనుక ఇరుసు మీది బరువుపైనా ఆధారపడి ఉంటాయి కనుక ఈ రెండు ఇరుసులకు అందే బరువును లెక్కగట్టగలగడం విస్తరణ శాస్త్రవేత్తకు అవసరమైన విద్య.

ఎద్దుబండి నేర్పిన పాఠం

ఈ విద్య రాయలసీమ రైతుకు కొత్త కాదు. ఎద్దుబండికి ఒకే ఇరుసు ఉంటుంది. మూటలు వేసేటప్పుడు బండివాడు నొగ పట్టుకొని ఎత్తి చూసి, బండి ముందుకు మొగ్గుతున్నదో వెనుకకు మొగ్గుతున్నదో తేల్చుకొనేవాడు. ముందు మొగ్గు ఎక్కువైతే కాడి ఎద్దుల మెడలను నొక్కుతుంది. వెనుక మొగ్గు అయితే నొగ పైకి లేచి మెడపట్టీలు గొంతును బిగిస్తాయి. కొద్దిపాటి ముందు మొగ్గు ఉండేటట్లు ఒకటి రెండు మూటలను జరిపి సరిచేసుకొనేవారు. పొరపాటు జరిగితే పది అడుగులలోనే ఎద్దు తెలియజేసేది.

రెండు చక్రాల ట్రాలీ నిర్మాణంలో ఎద్దుబండికి భిన్నమైనది కాదు. నొగ స్థానంలో డ్రాబార్, కాడి స్థానంలో ట్రాక్టరు హుక్కు వచ్చాయి. మారినది ఒక్కటే: భారం మోసేది ఇప్పుడు మెడ కాదు, ఇనుము. ఇనుము మొరాయించదు. అందువలన నొగ ఎత్తి చూసే అలవాటు ఒక్క తరంలోనే కనుమరుగైంది.

బరువు పంపక హిచ్ పనిచేసే తీరు

అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా దేశాలలో కార్ల వెనుక, పికప్ వాహనాల వెనుక నివాస ట్రైలర్లను, పడవ ట్రైలర్లను లాగడం సర్వసాధారణం. ట్రైలర్ ముక్కు వాహనం వెనుక అంచున వేలాడుతుంది. ఆ చోట పడిన బరువు వెనుక ఇరుసును ఆధారంగా చేసుకొని ఏతంలాగా పనిచేస్తుంది. ఏతపు మాను ఒక కొనను తొక్కితే రెండవ కొన లేచినట్లే వాహనం వెనుక భాగం దిగి ముందు భాగం లేస్తుంది. హెడ్‌లైట్లు ఆకాశం వైపు చూస్తాయి, స్టీరింగ్ తేలిక అవుతుంది, ముందు బ్రేకుల పట్టు తగ్గుతుంది.

దీనికి విరుగుడుగా వచ్చినదే బరువు పంపక హిచ్. హిచ్ తల నుండి రెండు స్ప్రింగు ఉక్కు కడ్డీలు ట్రైలర్ చట్రం కిందుగా వెనుకకు సాగుతాయి. వాటి కొనలను గొలుసులతో గాని, బ్రాకెట్లతో గాని చట్రం వైపు పైకి బిగిస్తారు. ఒంటి చక్రపు తోపుడు బండి పిడులను పైకి ఎత్తినప్పుడు ముందున్న చక్రం నేలను గట్టిగా అదుముతుంది. కడ్డీల బిగింపు వాహనంపై సరిగ్గా అదే పని చేస్తుంది. బిగింపు వలన పుట్టిన బల భ్రామకం ఒకవైపు వాహనపు ముందు ఇరుసును, మరొకవైపు ట్రైలర్ ఇరుసును నేలకు నొక్కి, వెనుక ఇరుసు మీద పోగుపడిన బరువును ఆ రెండింటికీ పంచుతుంది.

ఒక లెక్కతో ఇది స్పష్టమవుతుంది. ఇరుసుల మధ్య దూరం 3 మీటర్లు, వెనుక ఇరుసు నుండి హిచ్‌కు 1.2 మీటర్లు, హిచ్ నుండి ట్రైలర్ ఇరుసుకు 5 మీటర్లు, హిచ్‌పై బరువు 300 కిలోలు అనుకొంటే, కడ్డీలు లేనప్పుడు ముందు ఇరుసు 120 కిలోలు కోల్పోతుంది, వెనుక ఇరుసుపై 420 కిలోలు అదనంగా పడతాయి. 0.75 మీటరు పొడవున్న రెండు కడ్డీల కొనలను ఒక్కొక్కటి 160 కిలోల బలంతో బిగించితే 240 కిలో-మీటర్ల భ్రామకం పుడుతుంది. దాని ఫలితంగా ముందు ఇరుసుకు 99 కిలోలు తిరిగి చేరుతాయి, ట్రైలర్ ఇరుసు 48 కిలోలు అదనంగా మోస్తుంది, వెనుక ఇరుసు నుండి 147 కిలోలు తగ్గుతాయి. పోయిన బరువు, వచ్చిన బరువు సమానమే. ఈ పరికరం ఒక్క కిలోను కూడా తగ్గించదు, ఉన్నదానిని పంచుతుంది. వాహనం లాగగల మొత్తం బరువు పరిమితిని ఇది పెంచుతుందని భావించడం సాధారణంగా జరిగే పొరపాటు.

బిగింపు ఎంత ఉండవలెనో తెలుసుకొనేందుకు వాడేది చాలా సాదా పద్ధతి. ట్రైలర్ తగిలించక ముందు ముందు చక్రం పైనున్న మడ్‌గార్డు అంచు నేల నుండి ఎంత ఎత్తున ఉన్నదో కొలుస్తారు. తగిలించిన తరువాత అది ఎంత లేచినదో చూసి, కడ్డీలను బిగించి మొదటి ఎత్తుకు దగ్గరగా తెస్తారు.

ట్రాక్టరుకు ఈ పరికరం ఎందుకు సరిపడదు

పై వివరణ చదివిన విద్యార్థికి, ఇటువంటి కడ్డీలనే స్థానిక వర్క్‌షాపులో తయారు చేయించి ట్రాలీకి బిగించరాదా అన్న ప్రశ్న కలగడం సహజం. సమాధానం కాదనే. మొదటి కారణం ట్రాక్టరు స్వభావంలోనే ఉన్నది. కారులో వెనుక ఇరుసు మీది అదనపు బరువు ఒక భారం. ట్రాక్టరులో అదే బరువు లాగుడు శక్తికి మూలం. రెండు చక్రాల చోదకం గల ట్రాక్టరు లాగేది వెనుక చక్రాలతో, ఆగేది కూడా వెనుక చక్రాలతోనే, ఎందుకంటే బ్రేకులు ఉన్నవి వాటికే. వెనుక ఇరుసు నుండి బరువును తీసివేయడం అంటే తడి రేగడిలో చక్రం జారడానికి, గట్టు దిగుడులో బ్రేకు పట్టకపోవడానికి దారి వేసినట్లే.

రెండవది నేల. ట్రాక్టరు వెనుక ఇరుసుకు స్ప్రింగులు ఉండవు. కాల్వ బోదె దాటేటప్పుడు ట్రాక్టరు ముక్కు పైకి, ట్రాలీ ముక్కు కిందికి ఒకేసారి తిరుగుతాయి. ఆ వంపును స్వేచ్ఛగా అనుమతించడమే పిన్ను, రింగు జోడింపులోని ప్రయోజనం. కడ్డీలు ఆ స్వేచ్ఛను అరికడతాయి. అప్పుడు కడ్డీ విరగవలెను, లేదా డ్రాబార్ వంగవలెను, లేదా వెనుక చక్రాలు నేలను వదలవలెను. పొలం మలుపుల్లో ట్రాక్టరు ట్రాలీకి దాదాపు అడ్డంగా తిరుగుతుంది గనుక అంతటి మలుపులో కడ్డీలు చట్రానికి తగిలి బిగుసుకొంటాయి కూడా. నివాస ట్రైలర్లను లాగేవారు సైతం ఎగుడుదిగుడు నేల మీదికి పోయే ముందు కడ్డీలను విప్పివేయడం ఇందువల్లనే.

ఇక మూడవది తక్కువగా గుర్తింపు పొందిన విషయం. కారు ముక్కు లేచిందని మడ్‌గార్డు ఎత్తు చెబుతుంది, స్ప్రింగులు సాగుతాయి గనుక. ట్రాక్టరులో సాగేది టైరు మాత్రమే. ముందు ఇరుసు తన బరువులో సగం కోల్పోయినా కంటికి కనిపించే మార్పు స్వల్పం. ప్రమాదం దగ్గర పడుతున్న సంగతి డ్రైవరుకు స్టీరింగ్ తేలికదనం ద్వారానే తెలియవలెను, పవర్ స్టీరింగ్ ఉన్న ట్రాక్టర్లలో ఆ సూచన కూడా మందగిస్తుంది.

కనుక పరికరాన్ని వదిలి సూత్రాన్ని తీసుకొనవలసి ఉన్నది. ముందు ఇరుసు మీద కావలసినంత బరువు నిలపడం, వెనుక ఇరుసు మీది బరువును లాగుడుకు చాలినంత ఉంచడం అన్నవి లక్ష్యాలు. వాటికి సాధనాలు సరుకు పేర్పు, హుక్కు స్థానం, ముందు బరువు పలకలు.

ఉదాహరణ ట్రాక్టరు, ఉదాహరణ ట్రాలీ

లెక్క సులభంగా ఉండుటకు 2000 కిలోల ట్రాక్టరును తీసుకొనవచ్చును. నిలిచి ఉన్నప్పుడు ముందు ఇరుసుపై 800, వెనుక ఇరుసుపై 1200 కిలోలు. ఇరుసుల మధ్య దూరం 2 మీటర్లు. హుక్కు వెనుక ఇరుసుకు 0.6 మీటరు వెనుకగా, నేలకు 0.6 మీటరు ఎత్తున ఉన్నది. ట్రాలీ సొంత బరువు 1000 కిలోలు, తొట్టి పొడవు 3.2 మీటర్లు, తొట్టి నడిమి భాగం ఇరుసుకు 0.4 మీటరు ముందుగా ఉన్నది. హుక్కు నుండి ట్రాలీ ఇరుసుకు 4 మీటర్లు. సరుకు 75 కిలోల వడ్ల బస్తాలు 53, అనగా సుమారు 4000 కిలోలు. ఇవి ఏ ఒక్క కంపెనీ ట్రాక్టరు కొలతలూ కావు. ఎవరికి వారు తమ బండి కొలతలను ఈ స్థానంలో ఉంచుకొనవలెను.

బస్తాలను తొట్టి నిండా సమానంగా పేర్చితే సరుకు, ట్రాలీ కలిసిన గరిమనాభి ఇరుసుకు 0.4 మీటరు ముందు ఉంటుంది. హుక్కుపై పడే భారం 5000 × 0.4 ÷ 4 = 500 కిలోలు, అంటే మొత్తంలో పదవ వంతు. కార్ల ట్రైలర్ల విషయంలో అమెరికాలో సూచించే 10–15 శాతానికి ఇది అంచున ఉన్నది. ఐరోపా దేశాలలో ఇంకా తక్కువ పాళ్ళు పాటిస్తారు. ఈ 500 కిలోల వలన ట్రాక్టరు ముందు ఇరుసు 150 కిలోలు కోల్పోయి 650కి వస్తుంది, వెనుక ఇరుసు 650 కిలోలు పొంది 1850కి చేరుతుంది. సూత్రంగా చెప్పాలంటే, ఈ ట్రాక్టరులో హుక్కుపై ప్రతి 100 కిలోలకు ముందు ఇరుసుకు 30 కిలోల నష్టం, వెనుక ఇరుసుకు 130 కిలోల లాభం.

ఇప్పుడు తొట్టి వెనుక భాగంలోని పది బస్తాలను తీసి ముందు భాగంలో, మిగిలిన వాటిపై ఎత్తుగా వేసినట్లు అనుకొనవచ్చును. 750 కిలోలు 2.4 మీటర్లు ముందుకు జరిగాయి. హుక్కుపై భారం 450 కిలోలు పెరిగి 950 అవుతుంది. అదే పది బస్తాలను ముందు నుండి వెనుకకు జరిపితే హుక్కుపై 50 కిలోలు మాత్రమే మిగులుతాయి. రెండు సందర్భాలలోనూ కాటా మీద మొత్తం తూకం ఒక్కటే, బిల్లు ఒక్కటే, ట్రాలీ టైర్లు మోసే బరువులో కూడా పెద్ద తేడా కనపడదు. కాని ట్రాక్టరుకు అవి రెండు వేర్వేరు బండ్లు.

గట్టు ఎక్కుడు

సమతల రోడ్డుపై 950 కిలోల భారంతో కూడా ముందు ఇరుసుపై 515 కిలోలు ఉంటాయి. డ్రైవరు ఏ ఇబ్బందీ గమనించడు. ఇబ్బంది కాల్వ గట్టు ఎక్కేటప్పుడు బయటపడుతుంది.

పదికి ఒకటి వాలు గల మట్టి దారిపై 5000 కిలోల ట్రాలీని లాగుటకు వాలు కోసం 500, చక్రాల దొర్లుడు నిరోధం కోసం సుమారు 200, మొత్తం 700 కిలోల లాగుడు కావలెను. ఆ లాగుడు నేలకు 0.6 మీటరు ఎత్తున వెనుకకు పట్టి ఉంచుతుంది కనుక 420 కిలో-మీటర్ల భ్రామకంతో ట్రాక్టరు ముక్కును లేపుతుంది. ముందు ఇరుసుకు 210 కిలోల నష్టం. వాలు వలన ట్రాక్టరు సొంత బరువు వెనుకకు ఒరగడంతో, దాని గరిమనాభి 0.7 మీటరు ఎత్తున ఉన్నట్లయితే, మరో 70 కిలోలు. రెండూ కలిపి 280. సమానంగా పేర్చిన ట్రాలీతో ముందు ఇరుసుపై మిగిలేది 370 కిలోలు. పది బస్తాలు ముందుకు జరిపిన ట్రాలీతో మిగిలేది 235. (ఎక్కుడులో ట్రాలీ కూడా వెనుకకు ఒరగడం వలన హుక్కుపై భారం కొద్దిగా తగ్గుతుంది. అది ముందు ఇరుసుకు ఇరవై కిలోలలోపు తేడా కనుక ఇక్కడ వదిలివేయడమైనది.)

స్టీరింగ్ పట్టు నిలవాలంటే ట్రాక్టరు బరువులో కనీసం ఐదవ వంతు ముందు ఇరుసుపై ఉండవలెనన్నది విస్తృతంగా పాటించే ప్రమాణం. ఈ ట్రాక్టరుకు అది 400 కిలోలు. సక్రమంగా పేర్చిన నిండు ట్రాలీయే ఈ గీతకు కొంచెం దిగువన ఉన్నదంటే, పది బస్తాల పొరపాటు ఎక్కడికి తీసుకుపోతుందో ఊహించవచ్చును. వాన తరువాత రేగడి దారిపై దొర్లుడు నిరోధం 200 నుండి 500 కిలోలకు పెరిగితే ముందు ఇరుసు మరో 90 కిలోలు కోల్పోతుంది. క్లచ్‌ను ఒక్కసారిగా వదిలినప్పుడు కలిగే కుదుపు ఈ లెక్కలో చేరనే లేదు. ముక్కు లేవడం మొదలైన తరువాత గరిమనాభి వెనుకకు జరుగుతూ పోతుంది, డ్రైవరు క్లచ్ తొక్కే వ్యవధి కూడా మిగలదు.

హుక్కు స్థానం

ట్రాలీ డ్రాబార్ ఎత్తుగా ఉన్నదని, తొట్టి సమంగా నిలవడం లేదని, హుక్కును పైకి వెల్డింగ్ చేయించుకోవడం కొందరికి సులభమైన పరిష్కారంగా తోస్తుంది. 0.6 మీటరు ఎత్తున్న హుక్కును 0.8 మీటరుకు లేపితే పై ఎక్కుడులోనే ముందు ఇరుసు మరో 70 కిలోలు కోల్పోతుంది. వెల్డింగ్ ముక్క వలన హుక్కు 15 సెంటీమీటర్లు వెనుకకు కూడా జరిగితే 500 కిలోల భారం వద్ద ఇంకొక 37 కిలోలు. ఒక పూట వెల్డింగ్ పనికి నూరు కిలోలకు పైగా ముందు బరువును చెల్లించినట్లయింది. సరిచేయవలసినది ట్రాలీ డ్రాబార్ వంపునే గాని ట్రాక్టరు హుక్కును కాదు. తయారీదారు ఇచ్చిన స్థానానికి పైన, ముఖ్యంగా మూడు బిందువుల లింకేజీలోని టాప్ లింకు చోట గొలుసు కట్టి లాగడం ఎట్టి పరిస్థితులలోనూ కూడదు. ట్రాక్టరు వెనుకకు తిరగబడే ప్రమాదాలకు అది అత్యంత సూటి మార్గం.

సగం ఖాళీ అయిన ట్రాలీ

నిండు బండికే భయపడవలెనన్న అభిప్రాయం సాధారణం. లెక్క దానిని సమర్థించదు. విత్తనమో ఎరువో నింపుకొని బయలుదేరిన ట్రాలీ మొదటి ఊరిలో వెనుక తలుపు తీసి సగం సరుకును దించి, మిగిలిన సగంతో రెండవ ఊరికి సాగుతుంది. దించడం వెనుక నుండి జరిగినది కనుక మిగిలిన 2000 కిలోలు తొట్టి ముందు సగంలో, ఇరుసుకు 1.2 మీటర్లు ముందు ఉన్నాయి. ట్రాలీ బరువుతో కలిపి హుక్కుపై భారం (1000 × 0.4 + 2000 × 1.2) ÷ 4 = 700 కిలోలు. నిండుగా ఉన్నప్పుడు 500, సగం అయినప్పుడు 700! వాలుపై లాగుడు తగ్గుతుంది కనుక మొత్తం ప్రమాదం అదే నిష్పత్తిలో పెరగదు. కాని బరువు తగ్గిందన్న ధీమాతో వేగం పెంచే డ్రైవరుకు ముందు ఇరుసు తగినంత ప్రతిస్పందించదు.

ముందు సగాన్ని ఖాళీ చేసి వెనుక సగంతో బయలుదేరితే అంతకంటే భిన్నమైన స్థితి. హుక్కును 100 కిలోల బలం పైకి ఎత్తుతుంది. ట్రాక్టరు వెనుక చక్రాలు 130 కిలోల పట్టు కోల్పోతాయి, రోడ్డుపై ట్రాలీ పాములాగా ఊగడం మొదలవుతుంది. ఆ స్థితిలో పిన్ను తీస్తే డ్రాబార్ ఒక్క ఉదుటున పైకి లేచి ఎదురుగా నిలిచిన మనిషి గడ్డానికో ఛాతీకో తగులుతుంది. తొట్టి వెనుకకు పొడుచుకు వచ్చేటట్లు పేర్చిన వరిగడ్డి, జొన్నచొప్ప లోడులలో కూడా ఇదే గుణం ఉన్నది. గడ్డి తేలిక కదా అన్న మాట సరికాదు, అది ఎంత దూరాన వేలాడుతున్నదన్నదే లెక్కలోకి వస్తుంది.

ఖాళీ ట్రాలీలో కూలీలు వెనుక అంచున కాళ్ళు వేలాడదీసి కూర్చోవడం ఇదే కోవకు చెందుతుంది. యాభై కిలోల వంతున పన్నెండు మంది ఇరుసుకు 1.1 మీటరు వెనుక కూర్చుంటే హుక్కును సుమారు 65 కిలోల బలం పైకి లాగుతుంది. గట్టు దిగుతూ బ్రేకు తొక్కవలసి వచ్చిన క్షణంలో బ్రేకు చక్రాల మీద ఉండవలసిన బరువు అంత మేరకు ఉండదు. సరుకు ట్రాలీలో మనుషులను ఎక్కించరాదన్నది నిబంధన. పల్లెలో అది అమలు కావడం లేదన్నది వాస్తవం. నిబంధనను మళ్ళీ మళ్ళీ చదివి వినిపించడం కంటే, ఇతర వాహనం సమకూరేంత వరకు కనీసం వెనుక అంచు మీద ఎవరూ కూర్చోకుండా చూడడం వెంటనే సాధ్యమయ్యే పని.

దిగుడు, బ్రేకు

దిగుడులో బరువు పంపకం ఒక్కటే చాలదు. ట్రాలీకి సొంత బ్రేకులు లేనప్పుడు 5000 కిలోల ట్రాలీ మొత్తాన్ని 2000 కిలోల ట్రాక్టరు నిలపవలెను. ట్రాలీ హుక్కును ముందుకు తోస్తుంది. ట్రాక్టరు ఏ మాత్రం పక్కకు తిరిగి ఉన్నా ఆ తోపుడు దానిని మరింత తిప్పి, ట్రాలీతో కలిపి కత్తెరలాగా మడతపడేటట్లు చేస్తుంది. పత్తి, బొంత మూటల వంటి ఎత్తైన లోడులలో గరిమనాభి పైకి పోవడం వలన బ్రేకు వేసినప్పుడు హుక్కుపై భారం అమాంతం పెరుగుతుంది, మలుపులో పక్కకు ఒరిగే గుణం కూడా తోడవుతుంది. దిగుడు మొదలు కాక ముందే తక్కువ గేరులోకి రావడం, నడుమ గేరు తప్పించకపోవడం, కుడి ఎడమ బ్రేకు పెడళ్ళను కలిపే లాకును రోడ్డుపైకి రాగానే వేయడం తప్పనిసరి. దుక్కిలో ఒక పక్క బ్రేకుతో మలుపు తిప్పిన డ్రైవరు అదే విడి పెడళ్ళతో కాల్వ గట్టు మీదికి రావడం చిన్న మరపుగా కనిపిస్తుంది. లోడుతో ఉన్న ట్రాలీ వెనుక తోస్తుండగా ఒక్క చక్రానికే బ్రేకు పడితే ఆ మరపు చిన్నది కాదు.

ముందు బరువు పలకలు

బరువు పంపక హిచ్ చేసే పనిని ట్రాక్టరులో అత్యంత సరళంగా చేయగలిగినవి ముందు బంపరుకు తగిలించే ఇనుప బరువు పలకలు. ముందు ఇరుసుకు 0.6 మీటరు ముందుగా 100 కిలోల పలకలు వేలాడదీస్తే, ఏతం ఈసారి అనుకూల దిశలో పనిచేసి, ముందు ఇరుసుకు 130 కిలోలు చేరుతాయి, వెనుక ఇరుసు నుండి 30 మాత్రమే తగ్గుతాయి. పై ఎక్కుడులో 370 ఉన్న బరువు 500కు చేరుతుంది. ట్రాక్టరు 2100 కిలోలు అయినందున ఐదవ వంతు 420, దానికి ఎగువన సురక్షితమైన అంతరం మిగులుతుంది. లాగుడుకు కావలసిన వెనుక బరువు దాదాపు చెక్కు చెదరదు. పలకలను తయారీదారు సూచించిన పరిమితి మించి వేయరాదు, ముందు ఇరుసు బేరింగులు, టైర్లు దెబ్బతింటాయి. దుక్కి పనులకు అవసరం లేనప్పుడు తీసివేయడం వలన నేల అణిచివేత కూడా తగ్గుతుంది. బంపరుపై రాళ్ళ మూట కట్టడం ప్రత్యామ్నాయం కాదు, కుదుపులో అది జారి చక్రం ముందే పడుతుంది.

తిరిగే ముందు ఇరుసు గల నాలుగు చక్రాల ట్రాలీ హుక్కుపై నిలువు భారాన్ని దాదాపు లేకుండా చేస్తుంది. అయితే లాగుడుకు తోడ్పడే వెనుక బరువు కూడా దానితో పోతుంది, వెనుకకు నడపడం కష్టం. చిన్న కల్లాలకు, ఇరుకు బాటలకు రెండు చక్రాల ట్రాలీయే రైతు ఎంపికగా కొనసాగడంలో అర్థం ఉన్నది.

వే బ్రిడ్జి వద్ద కొలత

పై లెక్కలన్నింటినీ రైతు చేయనవసరం లేదు. మిల్లు వే బ్రిడ్జి వద్ద పావుగంటలో వాటి ఫలితాన్ని చూపవచ్చును. మొదట ట్రాక్టరును ఒంటరిగా తూచి, తరువాత దాని ముందు చక్రాలను మాత్రమే బల్లపై నిలిపి మరొకసారి తూచవలెను. ఆ తరువాత నిండు ట్రాలీని తగిలించి, ట్రాక్టరు నాలుగు చక్రాలు బల్లపైన, ట్రాలీ చక్రాలు బల్ల బయట ఉండేటట్లు నిలపవలెను. ఒంటరి తూకం కంటే ఎన్ని కిలోలు ఎక్కువ వస్తే అదే హుక్కుపై భారం. చివరగా తగిలించిన స్థితిలోనే ముందు చక్రాలను మాత్రం తూచితే ముందు ఇరుసు ఎంత కోల్పోయినదో నేరుగా తెలుస్తుంది. తూకం వేళ ఇంజను ఆపి, గేరు తటస్థంగా ఉంచి, చక్రాలకు అడ్డుగట్టలు వేసి బ్రేకు వదలవలెను. లేనియెడల ట్రాక్టరుకు, ట్రాలీకి మధ్య మిగిలిన లాగుడు కొలతను తప్పుదారి పట్టిస్తుంది. బల్ల, దాని ఇరువైపుల నేల ఒకే మట్టంలో ఉండవలెను.

ఉదాహరణ ట్రాక్టరుకు ఈ నాలుగు తూకాలు వరుసగా 2000, 800, 2500, 650 రావలెను. ముందు నష్టం 150ని హుక్కు భారం 500తో భాగిస్తే 0.3. ఇది హుక్కు దూరానికి, ఇరుసుల మధ్య దూరానికి గల నిష్పత్తే. టేపుతో కొలిచిన నిష్పత్తికి, కాటా ఇచ్చిన నిష్పత్తికి పొత్తు కుదరకపోతే ఎక్కడో కొలత తప్పినట్లు గ్రహించవలెను.

1906లో ప్రారంభమైన నంద్యాల ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం పరిధిలోని రైతు శిక్షణలలో విత్తనం, ఎరువు, సస్యరక్షణలకు దక్కే సమయంలో కొంత రవాణా భద్రతకు కేటాయించుట ఉచితం. అనంతపురం జిల్లా గార్లదిన్నెలోని వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థలోని వసతులు, బాపట్ల వ్యవసాయ ఇంజనీరింగ్ కళాశాల విద్యార్థుల క్షేత్ర అధ్యయనాలు దీనికి తోడ్పడగలవు. విద్యార్థులు ఒక గ్రామంలోని ట్రాక్టర్ల హుక్కు ఎత్తు, హుక్కు దూరం, ఇరుసుల మధ్య దూరం, ట్రాలీ డ్రాబార్ పొడవు, తొట్టి నడిమికి ఇరుసుకు గల దూరం అన్న ఐదు కొలతలను నమోదు చేస్తే ఆ గ్రామానికి ఉపయోగపడే పట్టికను తయారు చేయవచ్చును. ప్రదర్శన వేళ నిండు ట్రాలీని తూచిన తరువాత, వెనుక తలుపు తీసి సగం బస్తాలను దించి, మిగిలిన సగంతో ట్రాక్టరును మళ్ళీ బల్ల మీదికి తీసుకురావలెను. సరుకు సగమైనప్పటికీ హుక్కుపై భారం పెరిగినట్లు కాటా చూపిన క్షణంలో రైతులు అడిగే ప్రశ్నలతోనే శిక్షణలోని మిగిలిన భాగాన్ని నడపవచ్చును.